కనకమహాలక్ష్మి సంచీలో కీబోర్డు

మామిడికుదురు నుంచి అమలాపురం వచ్చే బస్సులో కిటికీ పక్కన చోటు దొరికితే కనకమహాలక్ష్మి ఫోను తీసి టైపు చెయ్యడం మొదలుపెట్టేది. రెండు బొటనవేళ్ళతో. పది వేళ్ళూ కిందికి చూడకుండా పరిగెత్తించడం ఎలాగో ఇరవై ఏళ్ళకి పైగా ఊళ్ళో పిల్లలకి నేర్పిన మనిషి ఆమె. ఇప్పుడు ఎనిమిది వేళ్ళు పనిలేక కూచుంటే, బొటనవేళ్ళు రెండూ గాజుపలక మీద తడుముకుంటున్నాయి. ఆమెకి నవ్వూ వచ్చేది, ఉక్రోషమూ వచ్చేది. "సంఘం" అని కొడితే "సంగం" పడేది. దాన్ని దిద్దేలోపు బస్సు బోడసకుర్రు వంతెన ఎక్కి, దిగి, అమలాపురం దారి పట్టేసేది.

ఆమె పుట్టిల్లు కొత్తపేట. ఇంటరు అయ్యాక ఖాళీగా ఉండటం ఎందుకని తండ్రి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాడు. మొదటి వారంలోనే ఆ యంత్రం ఆమెని పట్టేసింది. మీట నొక్కితే ఇనప చెయ్యి లేచి కాగితాన్ని కొట్టి మళ్ళీ పడుకోవడం, పైనున్న బండి ఒక్కో అక్షరానికీ ఒక్కో అడుగు జరగడం, వరస చివరికి రాగానే గంట కొట్టడం, ఇవన్నీ ఎలా జరుగుతున్నాయో లోపలికి చూస్తే గానీ ఆమెకి నిద్ర పట్టేట్టు లేదు. ఓ సాయంత్రం మాస్టారు టీకి వెళ్ళినప్పుడు వెనకరేకు విప్పేసింది. స్ప్రింగొకటి ఎగిరి బీరువా కిందకి పోయింది. మాస్టారు వచ్చి చూసి తిట్టలేదు. స్ప్రింగు వెతికించి, మళ్ళీ ఆమె చేతే బిగింపించారు.

పెళ్ళయ్యాక అమలాపురం వచ్చింది. భర్త సోమేశ్వరరావుకి చేల మోటార్లకి వైండింగ్ చేసే షాపుంది. కాలిపోయిన మోటారు విప్పుతుంటే పక్కన పీట వేసుకుని కూచుని, ఈ తీగ ఎందుకు, ఆ చుట్టు ఎటు తిరిగింది అని అడిగే భార్య దొరికిందని ఆయనకి లోలోపల సంబరం. షాపు మీది గదిలో ఆమె చేత టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టించాడు. ఏళ్ళు గడిచాక కంప్యూటర్లొచ్చాయి, టైపు పరీక్షలకి కట్టేవాళ్ళు తగ్గిపోయారు. ఆమె బోర్డు మార్చి, శుభలేఖలూ అర్జీలూ స్కూలు ప్రశ్నపత్రాలూ కొట్టిపెట్టడం మొదలుపెట్టింది. బోర్డు ఏదైనా ఊళ్ళో అందరికీ ఆమె టైపు మేడంగారే.

మామిడికుదురు దగ్గర కొబ్బరిపీచు తీసే ఆడవాళ్ళ సంఘం ఒకటుంది. దాని ప్రెసిడెంటు వీరాయమ్మ. అరవై దాటిన మనిషి, మాట సూటిగా ఉంటుంది. సంఘం కాగితాలు చూసిపెట్టమని ఆవిడ ఓరోజు కనకమహాలక్ష్మి దగ్గరికొచ్చింది. ఒప్పుకున్నాకే అసలు ఇబ్బంది తెలిసింది. విషయమంతా మామిడికుదురు షెడ్డులో ఉంది, కంప్యూటరేమో అమలాపురంలో మేడమీద ఉంది. వీరాయమ్మ చెప్పింది విని, బస్సెక్కి వచ్చి, కొట్టి, ప్రింటు తీసి, మళ్ళీ బస్సెక్కి వెళ్ళి చదివి వినిపిస్తే, వీరాయమ్మ అంతా విని తల అడ్డంగా ఊపేది.

"రాసింది బానే ఉందండి. నేను చెప్పింది మాత్రం అది కాదండి."

మళ్ళీ బస్సు. మళ్ళీ మేడ.

మాట ఎక్కడ పుడుతోందో రాతని అక్కడికే మోసుకెళ్ళడానికి వీలుందా, అదీ తనలాంటి వాళ్ళు పెట్టగలిగే ఖర్చులో? ఈ ప్రశ్న ఆమెని ఓ పట్టాన వదల్లేదు. దీనివల్ల తనకొచ్చే లాభం సంగతి అటుంచి, ఎవరో ఎక్కడో దీనికో దారి కనిపెట్టే ఉంటారని, అదేమిటో చూడాలని ఆమెకి అనిపించింది.

"లాప్‌టాప్ కొనుక్కోరాదా," అన్నాడు సోమేశ్వరరావు అన్నం తింటూ.

"కొత్తది మన వల్ల కాదండి. పాతదేమైనా దొరుకుద్దేమో బుజ్జిబాబుని అడుగుతాను."

బుజ్జిబాబు ఒకప్పుడు ఆమె దగ్గర టైపు నేర్చుకున్నవాడే. దోహాలో ఓ కంపెనీ స్టోర్సులో పదేళ్ళు పనిచేసి వచ్చి, గడియారస్తంభం దగ్గర ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ఆమె అడగ్గానే పాత చిన్న లాప్‌టాప్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఎత్తి చూసింది. పొత్రం బరువుంది. తెరిస్తే వెలిగింది. వైరు పీకేసరికి, చేతిలో టీ చల్లారేలోపే ఆరిపోయింది.

"మేడంగారండి, ఇది మీకు అమ్మితే రేపట్నుంచి మీ మొహం చూడలేనండి," అని బుజ్జిబాబే దాన్ని వెనక్కి తీసేసుకున్నాడు.

ఆ తరవాత అతను చెప్పిన సంగతి మాత్రం ఆమెకి వింతగా తోచింది. ఉత్తరాలు కొట్టుకునేదీ, లెక్కలు వేసుకునేదీ, మొత్తం ఆఫీసు సాఫ్ట్‌వేర్ అంతా ఓ పెన్‌డ్రైవులో పెట్టేసుకోవచ్చట. ఏ ఊళ్ళో ఏ కంప్యూటరు కనబడినా దానికి తగిలించి పని చేసుకుని, పీక్కుని, మన దారిన మనం పోవచ్చట. డబ్బులు కట్టక్కర్లేని సాఫ్ట్‌వేరేనట. చిటికెనవేలంత వస్తువులో ఆఫీసంతా ఎలా పట్టిందా అని ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అదే రోజు పెట్టించుకుని రాజోలు వెళ్ళి అక్కడి నెట్ సెంటర్లో అడిగింది. బయటి పెన్‌డ్రైవులు పెట్టనివ్వమండి, వైరస్‌లొస్తాయి అన్నారు. మామిడికుదురులో ఒకాయన పెట్టనిచ్చాడు. నిజంగానే తెరుచుకుంది. రెండు పేరాలు దిద్దింది కూడా. మూడో పేరాలో ఉండగా కరెంటు పోయింది. కరెంటు పోకపోయినా లాభం లేదని బస్సులో వస్తూ అనుకుంది. పీచు షెడ్డులో కంప్యూటరే లేదు కదా.

బుజ్జిబాబు దోహా నుంచి తెచ్చుకున్న మడత కీబోర్డు కూడా చూసింది. మూడు మడతలు విప్పితే పలకంత అవుతుంది. వైరు అక్కర్లేదు, ఫోనుతో గాలిలోనే మాట్లాడుకుంటుంది. వాడి చూడండంటూ ఇచ్చాడు. వారం వాడింది. మీటలు ఇరుకు. పైగా మడత వచ్చే చోటే రెండు చూపుడువేళ్ళూ దిగుతాయి. వేగం అందుకునేసరికి వేలు మడతలో పడి మాట సగంలో తెగిపోయేది. చక్కటి వస్తువే, తన వేళ్ళకి కాదు అని తిరిగిచ్చేసింది.

ఓ మధ్యాహ్నం షాపు కంప్యూటరు దుమ్ము దులుపుతూ ఆమె ఆగిపోయింది. కీబోర్డు వైరు చివర చప్పిడి ముక్కు. బల్ల మీద ఫోను, దాని అడుగున చిన్న కన్నం. ఇదీ మీటే, అదీ తెరే. ఈ ముక్కు ఆ కన్నంలో పడితే ఏమవుతుంది? మేడ మెట్ల మీంచి కిందకి కేకేసి భర్తని అడిగింది.

"కన్నం సరిపోదు గానీ, మధ్యలో ముక్క ఏదో ఉండే ఉంటది," అన్నాడాయన చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ. "మోటారుకైనా అంతే కదా. అమరకపోతే మధ్యలో ముక్క వేస్తాం."

ఆ ముక్క బుజ్జిబాబు దగ్గర డబ్బానిండా ఉంది. ఓటీజీ ప్లగ్గు అంటారండీ అన్నాడు. చింతగింజంత ఉంటుంది. ఒక పక్క ఫోనులోకి దూరుతుంది, రెండో పక్క కీబోర్డు వైరు పడుతుంది. ఇద్దరు హోటల్లో టిఫిను చేసినంత ఖర్చు కూడా కాలేదు. ఇంటికొచ్చి తగిలించింది. ఏమీ జరగలేదు. తీసి మళ్ళీ తగిలించింది. కీబోర్డు చచ్చినట్టు పడి ఉంది. ఇంకొకరైతే తిరిగిచ్చేద్దురు. ఆమె మాత్రం ఫోను సెట్టింగులు తెరిచి, పైనుంచి కిందదాకా ఒక్కోటీ చదువుకుంటూ కూచుంది. ఎక్కడో అడుగున, ఎప్పుడూ ఎవరూ వెళ్ళని చోట, ఓటీజీ అన్న పేరుతోనే ఓ మీట ఆఫ్ అయి ఉంది. వేలితో జరిపింది. కీబోర్డు మూల పచ్చదీపం వెలిగింది.

ఆమె వేళ్ళు ఆమెని అడక్కుండానే టైపు మొదటి పాఠం కొట్టేశాయి. ఏ ఎస్ డీ ఎఫ్ జీ ఎఫ్. ఫోను తెర మీద అక్షరాలు వరసగా నడుచుకుంటూ వచ్చాయి. ఆమె అలాగే చూస్తూ ఉండిపోయింది. సోమేశ్వరరావు మెట్లెక్కి వచ్చి, భార్య భుజం మీంచి తొంగిచూసి, "ఆయ్," అన్నాడు తృప్తిగా, తనే వైండింగ్ చేసినట్టు.

పని అక్కడితో అయిపోలేదు. సంఘం ఫైలు ఫోనులో తెరిస్తే తెలుగంతా ఇంగ్లీషు అక్షరాలూ కామాలూ కలిసిన పిచ్చిగీతల్లా కనబడింది. ఇన్నేళ్ళూ డీటీపీలో వాడింది పాత ఫాంటు. అది తన కంప్యూటరుకి తెలుసు, ఫోనుకి తెలియదు. ఎక్కడ తెరిచినా తెలుగు తెలుగులాగే ఉండాలంటే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చిపెట్టే వెబ్‌సైటు పట్టుకుని ఫైళ్ళన్నీ మార్చింది. కొన్ని ఒత్తులు చెదిరాయి, వాటిని చేత్తో దిద్దింది. ఇక వేళ్ళ సంగతి. పాత తెలుగు మీటలు ఒక వరస, కొత్తవి ఇంకో వరస. బయటి కీబోర్డుకి తెలుగు కుదిర్చే యాప్ కోసం నాలుగైదు దింపి చూసి, చివరికి ఒకటి కుదుర్చుకుంది. అందులో గుణింతాలు ఎడమచేతి వైపు, హల్లులు ఇంచుమించు అన్నీ కుడిచేతి వైపు. ఎవరో ఆలోచించి పెట్టారని ఆమెకి నచ్చింది. యాభయ్యో పడిలో మళ్ళీ విద్యార్థినిలా కూచుని క, కా, కి కొట్టడం మొదలుపెట్టింది. వేళ్ళు మొదట్లో మొరాయించాయి. దాదాపు నెల పట్టింది లొంగడానికి.

అప్పట్నుంచి ఆమె సంచీలో తువ్వాలు చుట్టిన కీబోర్డు ఒకటి చేరింది. షెడ్డులో కొబ్బరి డొక్కల కుప్ప పక్కన కుర్చీ వేసుకుని, ఫోనుని టిఫిను క్యారియరుకి ఆనించి, వీరాయమ్మ చెబుతుంటే కొట్టేది. చెప్పింది అప్పుడే చదివి వినిపించేది. "అది కాదండి" అన్నప్పుడు అక్కడే దిద్దేది. సంఘానికి బ్యాంకు లోను కోసం తాడు పేనే మిషన్ల రిపోర్టు అలాగే తయారైంది. అమలాపురంలో ప్రింటు తీసి బైండింగు చేయించారు. అట్ట మీద పేరు బంగారు రంగు అక్షరాల్లో వేయించింది వీరాయమ్మ.

బ్యాంకులో ఇచ్చేముందు మిషను కళ్ళారా చూసి రమ్మని సభ్యులందరూ అన్నారు. కోయంబత్తూరులో కొబ్బరిపీచు యంత్రాల ప్రదర్శన జరుగుతోందని తెలిసి, వీరాయమ్మా కనకమహాలక్ష్మీ రాజమండ్రిలో రైలెక్కారు. వెనక్కి వచ్చిన రోజే బ్యాంకు మేనేజరుగారిని కలవాలి. మర్నాటి నుంచి ఆయన సెలవులో వెళుతున్నారు.

ప్రదర్శనలో తాడు మిషను ముందు వీరాయమ్మ చాలాసేపు నిలబడింది. చిత్తూరు వైపు పనిచేసి తెలుగు నేర్చుకున్న కంపెనీ ఆయన మిషను ఆడించి చూపించాడు. పీచు పొడుగ్గా, శుభ్రంగా, ఒక్కతీరుగా ఉండాలన్నాడు. వీరాయమ్మ తన సంచీలోంచి తమ షెడ్డు పీచు గుప్పెడు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని సాగదీసి చూసి, పరుపులకి బాగుంటుందమ్మా, దీనికైతే తెగుతుంది అన్నాడు మర్యాదగా.

వీరాయమ్మ పీచు మళ్ళీ సంచీలో పెట్టుకుంది. ముందుకి నడిచింది. రెండు కొట్లు దాటాక ఒకచోట ఆగిపోయింది. అక్కడ పీచు తీశాక మిగిలే పొట్టుని ఇటుకల్లా నొక్కే ప్రెస్సుంది. అమ్మే ఆవిడ ఎండు ఇటుకొకటి బకెట్టులో వేసి నీళ్ళు పోసింది. ఇటుక ఉబ్బి, విచ్చుకుని, బకెట్టు నిండిపోయింది. మెత్తటి నల్లమట్టిలా ఉంది. వీరాయమ్మ చెయ్యి పెట్టి చూసింది.

మామిడికుదురు షెడ్డు వెనక ఈ పొట్టే కొండలా పడి ఉంటుంది. గాలేస్తే పక్కవాళ్ళ వాకిట్లోకి ఎగిరి తగువులు తెస్తుంది. వానొస్తే బోదె కాలవలోకి జారుతుంది. దాన్ని ట్రాక్టరుకెత్తించి పారబోయించడానికే ఏటా ఒకరి కాళ్ళా వేళ్ళా పడాలి.

"ఇవి ఎవరు కొంటారండి?" అని అడిగింది కనకమహాలక్ష్మి.

పొట్టు కడిగి నొక్కితే నర్సరీల వాళ్ళు కొంటారనీ, ఆంధ్రాలో కడియానికి కూడా పంపిస్తామనీ ఆవిడ అరవంలో అంటే, వెనకే వచ్చిన తాడు మిషను కంపెనీ ఆయన తెలుగులో చెప్పాడు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గోదావరి దాటితే కడియం.

"పొట్టు నొక్కేముందు కడగాలన్నారు కదండీ, ఎందుకు?" కనకమహాలక్ష్మికి కారణం తెలిస్తే గానీ కాలు కదలదు. పొట్టులో ఉప్పు ఉంటుందనీ, మంచినీళ్ళతో కడక్కపోతే మొక్క చచ్చిపోతుందనీ ఆయన చెప్పాడు. ఆమె ఆ మాటా, ప్రెస్సు ధరా ఫోనులో రాసుకుంది.

బయట టీ తాగుతూ వీరాయమ్మ మెల్లిగా అంది. "మేడంగారూ, ఆ తాడు మిషను మనకొద్దండి."

"నేనూ అదే అనుకుంటున్నానండి. మరి రిపోర్టు?"

"ఆయ్. రిపోర్టే." వీరాయమ్మ గ్లాసు కింద పెట్టింది. "బంగారు అక్షరాలు కూడా వేయించేసేం. పోనీ ఇదే ఇచ్చేసి, లోను వచ్చేక చూసుకుందామాండి?"

కనకమహాలక్ష్మికి ఒక్క క్షణం అవుననాలనే అనిపించింది. నెలరోజుల పని అది. కానీ వద్దనుకున్న మిషనుకి అప్పడిగితే, రేపు ఆ మిషనే వచ్చి షెడ్డులో కూచుంటుంది.

"రైల్లో మారుద్దామండి," అంది. అన్నాక, అది నిజంగా అవుతుందా అని ఆమెకే ఆత్రంగా అనిపించింది.

మధ్యాహ్నం రైలు. కిటికీ పక్క బెర్తు మీద కాళ్ళు మడిచి కూచుని, ఒళ్ళో దుప్పటి మడతపెట్టి దాని మీద కీబోర్డు పెట్టుకుంది. ఫోనుని ఎప్పట్లాగే క్యారియరుకి ఆనించి రబ్బరుబ్యాండు వేసింది. రైలు ఊపుకి మీటలు తప్పుతాయేమోనని భయపడింది గానీ, చూడకుండా కొట్టే వేళ్ళకి ఊపుతో పని లేకపోయింది. ఎదురుగా కూచున్న ఒంగోలు దంపతులు కాసేపు చూసి ఉండబట్టలేకపోయారు.

"కంప్యూటరు ఎక్కడుందమ్మా?" అన్నాడాయన.

"ఈ ఫోనేనండి."

ఆయన లేచి వచ్చి వంగి, వైరు ఎక్కణ్ణుంచి ఎక్కడికెళ్ళిందో చూసి, మళ్ళీ వెళ్ళి కూచున్నాడు. కాసేపటికి ఆవిడ చెగోడీల పొట్లం ఇటు జరిపింది.

మాటలు కొట్టడం సులువుగానే సాగింది. పట్టికలు మాత్రం లొంగలేదు. ఫోనులో ఒక గడి ముట్టుకుంటే మిగతా గడులన్నీ తడిసిన అప్పడాల్లా సాగి కిందకి జారిపోయాయి. సరిచెయ్యబోయినకొద్దీ ఇంకా పాడయ్యాయి. ఇలా కాదని, లెక్కలు ఫోనులోనే వేరే యాప్‌లో వేసుకుని, వచ్చిన ఫలితాలు మామూలు వాక్యాల్లో రాసింది. చదివితే అదే బాగుందనిపించింది. వీరాయమ్మకి వినిపిస్తే, "ఇప్పుడు నాకర్థవుతోందండి, ఇదివరకు గళ్ళు చదివేవోరు," అంది.

సేలం దాటాక బ్యాటరీ తగ్గిపోయింది. పవర్‌బ్యాంకు ఉంది. ఫోనుకేమో ఒకటే కన్నం. కీబోర్డైనా ఉండాలి, చార్జరైనా ఉండాలి. ఇది ఇంట్లో ఎప్పుడూ తట్టలేదు. కీబోర్డు పీకి చార్జింగు పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. పని ఆగిపోయిందని మొదట చికాకుపడింది. వీరాయమ్మ ఆ ఖాళీలో అడిగింది.

"నీళ్ళతో కడగాలన్నాడు కదండీ. ఏ నీళ్ళండి?"

"మన బోరు ఉంది కదండీ షెడ్డులో."

"మన బోరు ఉప్పు కదండీ."

కనకమహాలక్ష్మి కిటికీలోంచి చూపు తిప్పింది. నిజమే. సముద్రం దగ్గరి ఊరు. ఆ నీళ్ళు తాగలేకే మంచినీళ్ళు టిన్నులు కొంటారు. ఉప్పు పోగొట్టడానికి ఉప్పునీళ్ళతో కడిగితే ఏం లాభం?

"కాలవ నీళ్ళు వాడదామండి," అంది.

"ఎండల్లో కాలవలు కట్టేస్తారు కదండీ. పొట్టు ఆరబెట్టడానికి ఎండ కావాలి. కడగడానికి కాలవ కావాలి. రెండూ ఒక్కసారి రావండి మనకి."

ఇద్దరూ మాట్లాడుకుంటూ కూచున్నారు. కాలవలు పారేటప్పుడు కడిగి, సిమెంటు గచ్చు మీద కప్పు కింద పోసి ఉంచాలి. వానలు వెనకపడ్డాక, చలిగాలి మొదలయ్యాక ఆరబెట్టాలి. ఎండాకాలంలో నొక్కాలి. కాలవలు కట్టేసే నెలల్లో కడిగే పని పెట్టుకోకూడదు. వీరాయమ్మ వేళ్ళ మీద నెలలు లెక్కపెడుతుంటే కనకమహాలక్ష్మి మధ్యమధ్య అడ్డుపడి అడిగింది. గచ్చు ఎంత ఉండాలి? కప్పు తాటాకా, రేకా? గాలికి ఎగరకుండా ఏం కప్పుతారు? ఫోను నిండేసరికి రిపోర్టులో కొత్త పేజీ ఒకటి ఇద్దరి బుర్రల్లోనూ సిద్ధంగా ఉంది. మళ్ళీ కీబోర్డు తగిలించి కొట్టేసింది. ఆ తరవాత బ్యాటరీ తగ్గినప్పుడు ఆమె చికాకు పడలేదు. తనే కీబోర్డు పక్కన పెట్టి, "చెప్పండి వీరాయమ్మగారూ," అంది.

తెల్లారాక విజయవాడలో కాఫీ తాగి చివరి పేజీలు దిద్దింది. నెట్టు దారిలో వస్తూ పోతూ ఉంది గానీ, ఫైలు ఫోనులోనే పెట్టుకుంది కాబట్టి దాని అవసరం రాలేదు.

రాజమండ్రి స్టేషను బయట జెరాక్సు షాపులో ఫైలు పంపి ప్రింటు తీయమంది. మొదటి పేజీ బయటికి రాగానే తీసి చూసింది. ఒత్తులన్నీ విడిపోయి, ప్రతి మాటా పొల్లుల దండలా పడింది. షాపు కంప్యూటరు పాతది, దానికి ఈ తెలుగు పట్టడం లేదు. బస్సుకి వేళవుతోంది. వీరాయమ్మ ఆమె మొహంలోకి చూసింది. కనకమహాలక్ష్మి కౌంటరు పక్కన నిలబడి ఆలోచించింది. ఫోనులో అక్షరాలు బాగానే ఉన్నాయి. అక్కడ కనబడేది కనబడినట్టే బొమ్మలా కట్టేసి పంపితే, షాపు కంప్యూటరు చదవాల్సిన పనే ఉండదు. ఫైలుని పీడీఎఫ్‌గా మార్చి పంపింది. ఈసారి పేజీ శుభ్రంగా వచ్చింది. మిగతావి వస్తుంటే ఒక్కోటీ వెలుగులోకి ఎత్తి చూసుకుంది. బైండింగుకి వేళ లేదు. మూలన పిన్ను కొట్టించి రావులపాలెం మీదుగా అమలాపురం బస్సెక్కారు.

బ్యాంకు మేనేజరుగారు పేజీలు తిప్పారు. తాడు మిషనన్నారు కదా అని అడిగారు. చూశాక మనసు మారిందని వీరాయమ్మ చెప్పింది. ఆయన ఇంకా చదివి, నీళ్ళ దగ్గర ఆగి, ఆ పేజీ రెండోసారి చదివారు. కొనేవాళ్ళ నుంచి మాట ఏదైనా రాతపూర్వకంగా తీసుకురమ్మన్నారు. కాగితాలు మాత్రం ఆ రోజే తీసుకున్నారు.

దాంతో కడియం ప్రయాణాలు మొదలయ్యాయి. నర్సరీల వాళ్ళు ముందు నమ్మలేదు. ఒకాయన, పది ఇటుకలు తెచ్చి చూపించండి, మాట్లాడదాం అన్నాడు. మిషనే లేకుండా ఇటుకలెక్కడివి? వీరాయమ్మ పొట్టు కడిగి, ఆరబెట్టి, సంచిలో పోసి తీసుకెళ్ళింది. ఆయన ఓ మొక్క పెట్టి చూసి మూడు వారాల తరవాత కబురు పెట్టాడు. మొక్క బతికింది. లోను వచ్చేసరికి వానాకాలం వచ్చేసింది. ప్రెస్సు దిగింది. మొదట నొక్కిన ఇటుకలు సరిగా ఆరక బీటలు తీశాయి, ఆ సరుకంతా పోయింది. రెండో విడత నిలబడింది. ఇప్పుడు వాళ్ళ షెడ్డు వెనక కొండ లేదు. పక్కింటివాళ్ళు కూడా ఓ ఇటుక పట్టుకెళ్ళి మల్లెచెట్టుకి వేసుకున్నారు.

కనకమహాలక్ష్మికి మాత్రం పని పెరిగింది. ఆలమూరు రైతులొకరు, మండపేట మిల్లు వాళ్ళొకరు, మా చోటికొచ్చి రాసిపెడతారా అని పిలవడం మొదలుపెట్టారు. కీబోర్డూ చార్జరూ రెండూ పట్టే ప్లగ్గు ఉందని బుజ్జిబాబు తెచ్చిచ్చాడు. వాడింది. ఉపయోగమే. అయినా వీరాయమ్మతో కూచున్నప్పుడు మాత్రం దాన్ని సంచీలోంచి తియ్యదు.

ఈ మధ్య ఆమెకి ఇంకో కుతూహలం పట్టుకుంది. మాట్లాడితే ఫోనే తెలుగులో రాసేస్తుందట. ఓరోజు కడియం వెళ్ళే బస్సులో మైకు గుర్తు నొక్కి వీరాయమ్మ ముందు పెట్టింది.

"ఏదైనా చెప్పండి. అదే రాసుకుంటది."

వీరాయమ్మ ఫోను వంక అనుమానంగా చూసింది. "నేను మాట్లాడింది దీనికి తెలుస్తదాండి?"

"చూద్దాం కదండీ. కిందటి విడత సరుకు సంగతి చెప్పండి."

"ఆయ్. నర్సరీ ఆయన నిన్న ఫోన్ చేసేరండి. ఇంకో లోడు కావాలన్నారండి."

ఇద్దరూ తెర మీదకి వంగారు. అన్నీ ఇంచుమించు సరిగానే పడ్డాయి. "చేసేరండి"ని మాత్రం "చేశారండి" అని దిద్దేసింది. మొదట్లో "ఆయ్" అన్న చోట "హాయ్" అని ఉంది.

"ఏం రాసిందండి?"

కనకమహాలక్ష్మి చదివి వినిపించింది. వీరాయమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ తరవాత, "మళ్ళీ చెప్తాను, ఈసారి ఏం రాస్తదో చూడండి," అని ఫోను తన దగ్గరికి లాక్కుంది.